పీసీఆర్ అంటే ఏ పీసీఆర్? మా నాయన అమ్మను వెనక గదిలో పెట్టేశాడు

చెరువుగట్టు_శీను
విడవలూరు పక్కన మాకు రొయ్యల చెరువులున్నాయి. కొత్త పంటకి సీడ్, అంటే రొయ్య పిల్లలు, తేవాలి. హేచరీలో పిల్లల శాంపిల్ తీసుకుని, వైరస్ ఉందేమో చూడ్డానికి పీసీఆర్‌కి ఇచ్చాం, రిపోర్టు ఇంకా రాలేదు. ఇదే వారం అమ్మకి కాళ్ళు వాస్తుంటే నెల్లూరు తీసుకుపోయా. ఆమెకి షుగరు పన్నెండేళ్ళ నుంచి ఉంది. రక్తం, మూత్రం పరీక్షలు రాశారు. నిన్న రిపోర్టు నా ఫోనుకి వచ్చింది. అందులో ఒక వరుసలో "యూరిన్ పీసీఆర్ 1.8" అని లావు అక్షరాల్లో ఉంది, పక్కన పైకి బాణం గుర్తు.

ఆ సమయానికి ఫోను మా నాయన చేతిలో ఉంది. "పీసీఆర్‌లో పడిందంటే వైరస్సే కదరా" అన్నాడు. మధ్యాహ్నానికల్లా అమ్మ మంచం వెనక గదిలోకి పోయింది. కంచం వేరు, గ్లాసు వేరు. పిలకాయల్ని ఆ వైపు పోనివ్వడం లేదు. గుమ్మం ముందు బ్లీచింగ్ కలిపిన నీళ్ళ తొట్టి పెట్టాడు. చెరువు గట్టు మీద పెట్టినట్టే, కాళ్ళు ముంచి లోపలికి పోవాలంట. డాక్టరు మళ్ళీ సోమవారం చూస్తారు.

ఆ పీసీఆరూ ఈ పీసీఆరూ ఒకటేనా? కాకపోతే రెండింటికీ ఒకే పేరు పెట్టమని ఎవరు చెప్పారు వీళ్ళకి?

గిత్త_ఒంగోలు
1.8 ఆ? కాల్ కొనేయబ్బా, ఆలోచించబాక.

టైర్లు_కందుకూరు
@గిత్త_ఒంగోలు వాళ్ళమ్మకి బాగాలేదంటుంటే నీకు నిఫ్టీ గోలేంది.

గిత్త_ఒంగోలు
తప్పే, సారీ శీనన్నా. పొద్దున తొమ్మిదింబావు నుంచి మూడున్నర దాకా నా కళ్ళ ముందుండే పీసీఆర్ అదొక్కటే. పుట్ కాల్ రేషియో. షేర్ మార్కెట్ పడుతుందని కాసే పందేలు (పుట్‌లు), పెరుగుతుందని కాసే పందేలకి (కాల్స్) ఎన్ని రెట్లో చెప్పే లెక్క.

గూడూరు_సిస్టర్
శీనూ, ముందు అమ్మను బయటికి తీసుకురండి. అది వైరస్ పరీక్ష కాదు. ప్రొటీన్ క్రియాటినిన్ రేషియో.

కిడ్నీ జల్లెడ లాంటిది. బాగున్నప్పుడు ప్రొటీన్‌ను మూత్రంలోకి పోనివ్వదు. షుగరు, బీపీ ఏళ్ళ తరబడి ఉంటే ఆ జల్లెడ పాడై ప్రొటీన్ కారడం మొదలవుతుంది. ఎంత కారుతోందో తెలియాలంటే ఇదివరకు రోజంతా వచ్చిన మూత్రం క్యానులో పట్టించేవాళ్ళం. ఐదు లీటర్ల క్యాను చీర కొంగు కింద దాచుకుని బస్సు దిగిన పెద్దమ్మల్ని నేను చూశాను. ఇప్పుడు ఒక్కసారి పట్టిన మూత్రంతోనే అంచనా వేస్తున్నారు.

అయితే నీళ్ళు ఎక్కువ తాగి వస్తే ప్రొటీన్ పలచబడి తక్కువగా కనబడుతుంది. అందుకని క్రియాటినిన్ కూడా చూస్తారు. అది కండరాల నుంచి వచ్చేది, రోజూ దాదాపు ఒకే మోతాదులో బయటికి పోతుంది. నీళ్ళు ఎక్కువైతే అదీ అంతే పలచబడుతుంది. ప్రొటీన్‌ని దానితో భాగిస్తే నీళ్ళ తేడా కొట్టుకుపోతుంది. ఆ భాగహారమే మీ అమ్మ రిపోర్టులో ఉన్నది. మామూలుగా 0.2 లోపు ఉండాలి. 1.8 అంటే రోజుకి సుమారు 1.8 గ్రాముల ప్రొటీన్ పోతోందని లెక్క. కంగారు పడొద్దు గానీ సోమవారం మాత్రం మానొద్దు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది కాబట్టి మళ్ళీ ఒకసారి చేయించమనొచ్చు. పొద్దున లేవగానే వచ్చేది పట్టి ఇస్తే మంచిది.

చెరువుగట్టు_శీను
అంటుకునేది కాదా?

గూడూరు_సిస్టర్
కాదు. తొట్టి తీసేయండి. వాచిన కాళ్ళని బ్లీచింగ్‌లో ముంచితే ఒరుసుకుపోతాయి, షుగరు మనిషికి అది ఇంకా ప్రమాదం.

కావలి_ల్యాబ్
శీను వాళ్ళ నాయనకి తెలిసిన పీసీఆర్ నేను చేసేది. పాలిమరేజ్ చైన్ రియాక్షన్. హేచరీ నుంచి పిల్లలు స్పిరిట్ పోసిన సీసాలో వస్తాయి. ట్యాంకుకి 150 పిల్లలు అడుగుతాం. నూటికి రెండు పిల్లలకి జబ్బున్నా, శాంపిల్లో ఒక్కటైనా పడే అవకాశం 95 శాతం ఉండాలంటే అన్ని కావాలి. పది పిల్లలు తెచ్చి "టెస్టు చేసెయ్ అన్నా" అంటే చేస్తాను గానీ ఆ నెగెటివ్‌కి విలువ లేదు.

పిల్లల్ని నలిపి డీఎన్‌ఏ తీసి మిషన్లో పెడతాం. 95 డిగ్రీల దగ్గర రెండు పోగులూ విడిపోతాయి. 55, 60 మధ్యకి దించితే, వైరస్ ముక్క ఉంటే మనం వేసిన ప్రైమర్లు (ఆ వైరస్‌కి సరిపోయేలా చేసిన చిన్న డీఎన్‌ఏ ముక్కలు) దానికి అతుక్కుంటాయి. 72 దగ్గర ఎంజైము కొత్త పోగు అల్లుతుంది. రౌండుకి ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు. 30 రౌండ్లు తిరిగితే లెక్క ప్రకారం ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. అందుకే కంటికి కనపడనిది జెల్ మీద గీతలా కనపడుతుంది. 1983లో అమెరికాలో కేరీ మల్లిస్‌కి రాత్రిపూట కారు నడుపుతుంటే తట్టిన ఆలోచన ఇది. 1993లో నోబెల్ ఇచ్చారు.

రొయ్యలకొచ్చే తెల్లమచ్చ వైరస్‌కి మేం రెండు స్టెప్పులు చేస్తాం. ఫస్ట్ స్టెప్‌లోనే గీత వస్తే వైరస్ గట్టిగా ఉన్నట్టు. సెకండ్ స్టెప్‌లో మాత్రమే వస్తే కొద్దిగా ఉన్నట్టు. ఆ "కొద్దిగా" దగ్గరే హేచరీ వాళ్ళకీ రైతులకీ మా ల్యాబు గుమ్మంలో రోజూ పంచాయితీ.

గుర్తు పెట్టుకోవడం తేలిక. పక్కన పాజిటివ్, నెగెటివ్ అని ఉంటే మాది. అంకె ఉంటే సిస్టర్‌ది. ఆ అంకె నిమిషానికోసారి మారుతుంటే గిత్తది.

బాలాయపల్లి_టు_బెంగళూరు
@కావలి_ల్యాబ్ అది కుదరదన్నా. కోవిడ్ అప్పుడు మా అపార్టుమెంటు గ్రూపు నిండా సీటీ 22, సీటీ 31 అని అంకెలే కదా. అదీ మీ పీసీఆరే.

కావలి_ల్యాబ్
ఒప్పుకుంటున్నా. రియల్ టైమ్ మిషన్ అయితే సీటీ వాల్యూ వస్తుంది, ఎన్నో రౌండులో దొరికిందీ అని. ఎంత తక్కువుంటే వైరస్ అంత ఎక్కువ. అది మాత్రం శీను వాళ్ళ నాయనకి చెప్పబాకండి, సీటీ అంటే స్కానింగ్ అనుకుంటాడు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. కోవిడ్ ఆర్‌టీ పీసీఆర్‌లో ఆర్‌టీ అంటే రియల్ టైమ్ కాదు, రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్. కోవిడ్‌ది ఆర్‌ఎన్‌ఏ వైరస్ కాబట్టి ముందు దాన్ని డీఎన్‌ఏగా తిరగరాయాలి. తెల్లమచ్చది డీఎన్‌ఏ వైరసే, ఆ పని అక్కర్లేదు. కానీ రియల్ టైమ్‌ని కూడా ఆర్‌టీ అని రాసేవాళ్ళున్నారు. మా వాళ్ళే సరిగా రాయరు, బయటి వాళ్ళని ఏమంటాం.

ముత్తుకూరు_కోడలు
మా ఇంట్లో ఇంకోటి. నా క్రీము మీద ఎస్‌పీఎఫ్ 50 అని చూసి మా మామయ్య "తల్లి రొయ్యలు ఎస్‌పీఎఫ్ అని విన్నాం గానీ ఈ యాభై ఏందమ్మా" అన్నారు.

కావలి_ల్యాబ్
😀 అది ఎండ నుంచి కాపాడే లెక్క. రొయ్యకి స్పెసిఫిక్ పాథోజెన్ ఫ్రీ. 2009లో మన దేశంలో వెన్నామి రకం రొయ్యకి అనుమతి ఇచ్చినప్పుడే తల్లి రొయ్యలు ఎస్‌పీఎఫ్‌వే ఉండాలన్నారు. దాన్ని కూడా రైతులు తప్పుగా అర్థం చేసుకుంటారు. ఏ జబ్బూ రాదని కాదు, లిస్టులో ఉన్న ఫలానా జబ్బులు లేవని. చెరువులో దిగాక అది మన పోషణ.

బాలాయపల్లి_టు_బెంగళూరు
నేను సంక్రాంతికి ఇంటికి ఫోన్ చేసి "పీఎల్ పన్నెండు ఉన్నాయి నాన్నా" అంటే "ఏ హేచరీవిరా" అన్నాడు. నేను చెప్పింది సెలవల గురించి, ఆయనకి పీఎల్ 12 అంటే పన్నెండు రోజుల పిల్ల.

అల్లూరు_పెద్దాయన
నవ్వుకోండి గానీ శీను వాళ్ళ నాయన్ని చూసి నవ్వబాకండి. 94, 95 లో మేమంతా టైగర్ రొయ్య మీద ఎగబడ్డాం. నేను మూడెకరాల వరిచేను తీసి గుంట తవ్వించా. అరవయ్యో రోజు తెల్లారి గట్టు మీదికి పోతే రొయ్యలు గట్టు వారన చేరి ఉన్నాయి. చెయ్యి పెడితే పారిపోలేదు. అక్కడే నాకు ఒళ్ళు చల్లబడింది. ఒకదాన్ని తీసి తల మీద చిప్ప ఊడదీసి ఎండకి ఎత్తి చూశా. సున్నం చుక్కలు చల్లినట్టు తెల్లమచ్చలు. నాలుగో రోజుకి చెరువు ఖాళీ. కాకులు మాత్రం వారం పాటు పోలేదు.

అప్పుడు మాకు పీసీఆర్ అనే మాటే తెలియదు. ఆ తర్వాత ఎప్పటికో ల్యాబులొచ్చాయి, టెస్టు వచ్చింది. అప్పటి నుంచి మాకు ఆ మాటకి ఒకటే అర్థం, పంట ఉంటుందా పోతుందా అని. ఆయన భయం ఆ కాగితం చూసి పుట్టింది కాదు నాయనా.

చెరువుగట్టు_శీను
ఈ పోస్టు నాయనకి చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, ఆ ఏడాదే మాకూ పోయిందంట, అమ్మ గాజులు బ్యాంకులో పెట్టింది ఆ పంట అప్పుకేనంట. నాకిప్పటిదాకా తెలియదు. తొట్టి తీసేశాడు. కంచం మాత్రం ఇంకా వేరే. "సోమవారం డాక్టరు నోటితో విన్నాక చూద్దాం" అంటున్నాడు.

రిటైర్డ్_హెడ్‌కానిస్టేబుల్
ముప్పై ఏళ్ళు నాకు పీసీఆర్ అంటే పోలీస్ కంట్రోల్ రూమ్. "పీసీఆర్‌కి చెప్పు" అంటే వైర్‌లెస్ సెట్ అందుకోవడమే. అదే స్టేషన్లో మా రైటరు "పీసీఆర్ కేసు" అన్నాడంటే పౌరహక్కుల పరిరక్షణ చట్టం. 1955లో అంటరానితనం నేరాల చట్టంగా వచ్చింది, 1976లో ఈ పేరుకి మార్చారు. ఒకే గది, ఒకే పూట, రెండు పీసీఆర్‌లు. మేం ఒక్కరోజు పొరపాటు పడలేదు. సందర్భం తెలిసినవాడికి ఏ గొడవా ఉండదు. ఇప్పుడు ప్రతిదానికీ ఫోను తీసి చదివేస్తున్నారు, అక్కడొచ్చింది చిక్కు.

గూడూరు_సిస్టర్
@రిటైర్డ్_హెడ్‌కానిస్టేబుల్ సార్, మీ రైటరుకీ మీకూ సందర్భం తెలుసు. రిపోర్టు అందుకునేది ఇంట్లో వాళ్ళు. డాక్టరు చూసేదాకా రెండు మూడు రోజులు ఆ కాగితంతో వాళ్ళే ఉండాలి. వాళ్ళది తప్పంటే ఎలా? పూర్తి పేరు ఒక్క వరుస అచ్చు వేస్తే ల్యాబుకి పోయేదేముంది?

శీనూ, సోమవారం డాక్టరు గారు ఏసీఆర్ రాసినా భయపడొద్దు. అది కూడా ఇదే పద్ధతి, ప్రొటీన్ మొత్తం కాకుండా అల్బుమిన్ ఒక్కటి చూస్తారు.

రిటైర్డ్_హెడ్‌కానిస్టేబుల్
ఏసీఆర్ అనబాకమ్మా, ఇప్పటికీ గుండె దడ. యాన్యువల్ కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. పైవాడు ఒక్క ముక్క తేడాగా రాస్తే ప్రమోషన్ గోవిందా.

గిత్త_ఒంగోలు
రెండు ఏసీఆర్‌లూ మన చేతిలో లేనివే, రెండూ పైవాళ్ళు చూసి తల ఊపేవే.

పొదిలి_కేబుల్
మా హెడ్‌ఎండ్‌లో, అంటే కేబుల్ చానళ్ళు పంపే చోట, పీసీఆర్ అంటే ప్రోగ్రామ్ క్లాక్ రిఫరెన్స్. డిజిటల్ చానల్లో బొమ్మ, మాటతో పాటు గడియారం టైము కూడా వస్తుంటుంది, సెకనుకి కనీసం పది సార్లు. ఇంట్లో బాక్సు దాన్ని చూసి తన గడియారం సరిచేసుకుంటుంది. అది తేడా వస్తే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, లేదంటే పెదాలు ఒకటి అంటుంటే మాట ఇంకోటి వినపడుతుంది. సీరియల్ టైములో అది జరిగితే మా ఫోను పగిలిపోతుంది.

కోవిడ్ నడుస్తున్నప్పుడు మా కుర్రాడు ఒకరికి ఫోన్లో "పీసీఆర్ ప్రాబ్లమ్ అమ్మా, సాయంత్రం మేమే వస్తాం" అన్నాడు. వాళ్ళు వీధి తలుపేసుకుని ఎంత కొట్టినా తియ్యలేదు.

ముత్తుకూరు_కోడలు
చదివి చదివి నవ్వుతున్నా, మా ఆయన ఏందని అడుగుతున్నాడు 😂

టైర్లు_కందుకూరు
మాకు ప్యాసింజర్ కార్ రేడియల్. కారు టైరు పీసీఆర్, లారీ బస్సులవి టీబీఆర్. గోడౌన్లో "పీసీఆర్ అయిపోయింది, టీబీఆర్ చాలా ఉంది" అని అరుస్తుంటాం. కొత్తగా చేరిన పిల్లాడు రెండో రోజు ముక్కుకి గుడ్డ కట్టుకొచ్చాడు.

బాలాయపల్లి_టు_బెంగళూరు
మా ఫీల్డులోది కూడా వినండి. ల్యాప్‌టాప్‌లో టీపీఎం అనే చిప్పు ఉంటుంది, అందులో 24 పీసీఆర్‌లు. ప్లాట్‌ఫామ్ కాన్ఫిగరేషన్ రిజిస్టర్. మిషన్ ఆన్ చేసినప్పుడు బయోస్ (అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్) దగ్గర్నుంచి ఏమేం నడిచాయో వాటి గుర్తులు ఒక్కొక్కటే అందులో పడుతుంటాయి. అందులో మనకిష్టమైంది రాయలేం, ఉన్నదానికి కొత్తది కలిపి కొత్త గుర్తు పుడుతుంది, అంతే. ఎవడైనా మధ్యలో ఏదైనా మారిస్తే అక్కడ దొరికిపోతుంది. పోయినేడు మా తమ్ముడు బయోస్ అప్‌డేట్ చేశాడు, తెల్లారి ల్యాప్‌టాప్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. "పీసీఆర్ మారిపోయినట్టుంది" అన్నాను. పక్కనే ఉన్న అమ్మ "రిజల్టు అట్టా ఎట్టా మారుస్తారు, కంప్లైంట్ ఇవ్వండి" అంది.

చెరువుగట్టు_శీను
కీ దొరికిందా?

బాలాయపల్లి_టు_బెంగళూరు
మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంది. లేకపోతే వాడి ప్రాజెక్టు మొత్తం గల్లంతే.

కోవూరు_లండన్
సిస్టర్ చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. నేనిక్కడ రీనల్ (కిడ్నీ) వార్డులో చేస్తున్నా. ఇక్కడ ఇదే పరీక్షకి యూనిట్లు వేరు, క్రియాటినిన్‌ని మిల్లీమోల్స్‌లో కొలుస్తారు. మీ అమ్మగారి 1.8 ఇక్కడి కాగితం మీద 200 పైన పడుతుంది. 113 తో గుణించాలి. మనిషి అదే, మూత్రం అదే. ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన పాత రిపోర్టు 2, కొత్త రిపోర్టు 190 పక్కపక్కన పెట్టుకుని "నా కిడ్నీలు పోయాయి" అని ఏడ్చారు. నిజానికి కొంచెం తగ్గింది. పేరుతో పాటు యూనిట్ కూడా చూడండి.

గిత్త_ఒంగోలు
@కోవూరు_లండన్ 200 అని మనూళ్ళో వచ్చుంటే శీను వాళ్ళ నాయన ఊరికే కంచె వేసేవాడు.

కనిగిరి_మేష్టారు
ఒక మాటకి పది అర్థాలు మనకి కొత్తా? అమరకోశంలో "హరి" ఒక్కటే తీసుకోండి. యముడు, వాయువు, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప. మా పిల్లలు కప్ప దగ్గరికి రాగానే నవ్వుతారు. ఎవడూ గుడికెళ్ళి కప్పకి దండం పెట్టలేదు కదా.

కావలి_ల్యాబ్
మేష్టారూ, అది నానార్థం, దాని వెనక కావ్యాలున్నాయి, నిఘంటువు ఉంది. ఇక్కడ ఎవడి తొందర వాడిది, మూడు ముక్కల తలలు నరికి ఒక దండకి గుచ్చారు. తలలు చూసి మనిషిని ఎట్టా గుర్తుపడతాం?

కనిగిరి_మేష్టారు
ఆ పోలిక బాగుంది, ఒప్పుకుంటున్నా. నా బాధ ఇంకోటి. మా వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలుసు. మినరల్ వాటర్ అబ్బాయి పెన్ను లాంటి మీటరు గ్లాసులో ముంచి "టీడీఎస్ 60, బంగారం లాంటి నీళ్ళు మేష్టారూ" అంటాడు. టీడీఎస్ నీళ్ళలో కరిగినవన్నీ కలిపి చెప్పే లెక్క. అందులో ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితేనే ముప్పంటారు, ఆ కాస్త తేడా ఆ పెన్నుకి పట్టదు. దానికి వేరే పరీక్ష ఉంది. పేరుకి పూర్తి అర్థం తెలిసినా మోసపోయేది ఇక్కడే. మూడక్షరాలు, ఒక అంకె, ఇక అడగడానికి ఏమీ లేదనిపిస్తుంది.

టైర్లు_కందుకూరు
నాకు టీడీఎస్ అంటే ఆడిటరు ఫోను చేసేదే.

కనిగిరి_మేష్టారు
నాకూ ఫిబ్రవరి జీతంలో అదే.

గిత్త_ఒంగోలు
మా పీసీఆర్‌లోనూ అంతే మేష్టారూ. పుట్‌లు కాల్స్ కంటే ఎక్కువున్నాయంటే జనం భయపడుతున్నారని ఒకడు, పుట్‌లు అమ్మినవాళ్ళకి ధైర్యం ఉందని ఇంకొకడు. అంకె ఒకటే, ఇద్దరూ టీవీలో పక్కపక్కన కూర్చుని వ్యతిరేకంగా చెబుతారు. ఆ ఇద్దర్నీ నమ్మి నేను పోగొట్టుకున్నది ఇక్కడ రాయను, మా ఆవిడకి ఈ వేదిక తెలుసు.

అల్లూరు_పెద్దాయన
గిత్త కాస్తా దూడ అయిందన్నమాట.

గూడూరు_సిస్టర్
శీనూ, సోమవారం అయింది. ఏమన్నారు?

చెరువుగట్టు_శీను
ఇప్పుడే వచ్చాం. నాయన కూడా వచ్చాడు. లోపలికి పోగానే డాక్టరు గారిని "ఇది ఏ పీసీఆర్" అని అడిగాడు. ఆయన నవ్వలేదు, కాగితం తీసుకుని జల్లెడ బొమ్మ గీసి చెప్పారు. మళ్ళీ పరీక్ష చేస్తే 1.6 వచ్చింది. షుగరు వల్లే కిడ్నీ మీద పడిందన్నారు. బీపీ మాత్ర మార్చారు, అది ప్రొటీన్ కారడం కూడా తగ్గిస్తుందంట. ఉప్పు తగ్గించమన్నారు, ఆవకాయ పేరెత్తగానే అమ్మ ముఖం చిన్నబోయింది. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో కొనే మాత్రలు ఇక ముట్టుకోవద్దన్నారు. ఆ మాత్రలు నాలుగేళ్ళ నుంచి వేసుకుంటోందని మాకు అక్కడే తెలిసింది. మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

గూడూరు_సిస్టర్
నొప్పి మాత్రల సంగతి బయటపడటం మంచిదైంది. వాడే మాత్రలన్నీ అట్టలతో సహా తీసుకుపోండి ఈసారి.

కావలి_ల్యాబ్
సీడ్ రిపోర్టు?

చెరువుగట్టు_శీను
తెల్లమచ్చ సెకండ్ స్టెప్ పాజిటివ్. హేచరీ వాళ్ళు "కొద్దిగానే కదా, రేటు తగ్గిస్తాం" అన్నారు. నాయన ఒక్క మాట మాట్లాడకుండా ఫోను పెట్టేశాడు. ఇంకో ట్యాంకు పిల్లలు చూస్తున్నాం, ఈసారి 150 లెక్కపెట్టి మరీ సీసాలో వేయించాడు.

ముత్తుకూరు_కోడలు
అమ్మని ముందు గదిలోకి తెచ్చారా లేదా?

చెరువుగట్టు_శీను
నాయన మంచం మోయడానికి మనిషిని కూడా పిలిచాడు. అమ్మే రానంటోంది. ముప్పై ఎనిమిదేళ్ళలో గురక వినపడకుండా పడుకుంది ఈ వారమేనంట.